గేటు కాడి తలాషీ

నీకు జైలు వార్డరు కొలువొచ్చిందని మీ నాయిన మిఠాయి డబ్బ పట్టుకొని వాడంత తిరిగిండు బిడ్డా. నేను గూడ తిన్న, సుగరున్నా తిన్న. ఆర్డరొచ్చినకాంచి ఎవలు సూసినా జీతమెంత, క్వార్టరిస్తరా అనే అడుగుతున్నరు. నువ్వొక్కదానివే "తాతా, గేటు మీద డ్యూటీ పడితె ఏం సూడాలె" అని అడిగినవ్. ఇంత చెరుకాకు ఎయ్యి మంటల, సలి కోస్తున్నది. చెప్త.

జైలుకు గేటు ఒక్కటి గాదు, రెండుంటయ్. బైటి తలుపు, లోపలి తలుపు. నడుమ ఇంత సందు. ఒకటి మూసి తాళమేసినంకనే రెండోది తియ్యాలె. పెద్దసారొచ్చినా గంతె, పాల డబ్బాలొచ్చినా గంతె. ఆ నడిమి సందుల్నే నా నౌకరీ సగం గడిసింది. ఏయే జైళ్ళల్ల జేసిన్నో పేర్లు మాత్రం చెప్ప. నేను చెప్పే ముచ్చట్లల్ల మంచోళ్ళున్నరు, కానోళ్ళున్నరు. కొందరు ఇంక పింఛన్ తీసుకుంటున్నరు.

ములాఖత్ దినమొస్తె పొద్దుగాల్నే గేటు ముందటి ఏపచెట్టు కింద మంది జమైతుండ్రి. బోధన్ కెళ్ళి వచ్చినోళ్ళు, వర్ని, రుద్రూర్, కోటగిరి దిక్కుకెళ్ళి బస్సెక్కినోళ్ళు. సగం మంది పొద్దున ఏం తినకుంటనే వస్తుండ్రి. పేరు, ఊరు, కైదీకి ఏమైతరు అన్నది రిజిష్టర్ల రాసుకొని, ముంజేతి మీద ముద్ర గుద్దేది. ఆ ముద్ర ఎందుకో తెలుసా? వచ్చినోడు లోపల్నే ఉండి, వాని అంగి తొడుక్కొని కైదీ బైటికి నడిసి రాకుంట. ముద్ర పడ్డంకనే తలాషీ.

మూటల్ల ఏముంటుండె? జొన్నరొట్టెలు, మామిడి తొక్కు, అరటిపండ్లు, సబ్బు, కొబ్బరినూనె సీస. మన దిక్కు మూటల్ల ఇంకో రెండు ఖాయంగ ఉంటుండె. బీడీలు, బెల్లం.

బీడీల ముచ్చట ముందుగాల చెప్త. మన జిల్లాల ఏ వాడకు పోయినా ఆడోళ్ళు చాట ఒళ్ళె పెట్టుకొని తునికాకు కత్తిరిస్తుంటరు, తంబాకు పోసి చుడుతుంటరు. అసొంటి తల్లి కొడుకు జైల్ల పడ్డడనుకో, ఆమె ఏం తెస్తది? తన చేతులతోని చుట్టిందే తెస్తది. అది తప్పని ఆమెకు తోచనే తోచది. లోపలికి పోయినంక ఆ బీడీయే పైస. బట్టలుతికినందుకు బీడీ, కాళ్ళు ఒత్తినందుకు బీడీ, ఫ్యాను కింద పండనీకి జాగిచ్చినందుకు బీడీ. కట్టలు ఎక్కువున్నోడు బ్యారక్ల దొర, లేనోడు వానికి నౌకరు. ఒక తల్లి పాణం పెట్టి తెచ్చిన కట్ట ఇంకో తల్లి కొడుకును గులాం జేస్తది. ఇది సమజైతేనే నీకు ఆ కట్టను ఆపబుద్ధైతది. లేకుంటె "పాపం, బీడీలే గద" అని ఇడిసిపెడ్తవ్.

ఎట్ల దాస్తుండ్రి అంటవా? రెండు జొన్నరొట్టెలు తడిగున్నప్పుడే అంచులు కలిపి ఒత్తి, నడుమ బీడీలు పరిసి పెంక మీద కాల్సుకొస్తుండ్రి. సూస్తె పొంగిన రొట్టె లెక్కనే ఉంటది. పొంగిన రొట్టె సల్లారితె దిగాలె గద! వర్నికెళ్ళి వచ్చెసరికి గంటన్నరైనంక గూడ పొంగే ఉన్న రొట్టె ఏం రొట్టె? సబ్బును దారంతోని నడిమికి కోసి, గుంత తోడి, గంజాయి పొట్లం పెట్టి, తడిచేత్తోని రుద్ది అతికిస్తుండ్రి. సబ్బు మీది పేరు ఒక్క పక్కకు అరిగుంటది, అంతె తేడా. అరటిపండుకు అంచు ఎంబడి బ్లేడుతోని గాటు పెడ్తె పొద్దటికి ఆ గీత నల్లబడ్తది. పండంత పచ్చగుండి ఒక్క గీతనే నల్లగుంటె ఒలిసి సూడాలె. తొక్కు డబ్బల సన్నటి ఇనుప ఊస పెట్టి కలిపితె అడుగున కవరు తగుల్తది. ఇయన్ని నాకు ఎవలూ క్లాసు చెప్పలే. నా పక్కన నిలబడే ముసలి వార్డరు ఉర్దూల తిట్టుకుంట నేర్పిండు.

గిప్పుడు బెల్లం. మన దిక్కోళ్ళకు ఇది చెప్పాలంటె కొంచెం ఎనకకు పోవాలె. 1931ల నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్ళు కాల్వలకు పారినంక ఈ భూముల చెరుకొచ్చింది. 1937ల బోధన్ కాడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేసింది, దాని పేరు మీదనే అక్కడ శక్కర్‌నగర్ ఊరైంది. ఆసియాలనే పెద్దదని అప్పట్ల గొప్పగ చెప్పుకునేది. సీజన్ల కాటా కాడ బండ్ల వరుస, రాత్రి పూట గూడ సైరన్. గాలి దిక్కు మారితె మొలాసిస్ వాసన మన ఇంట్లకొచ్చేది. 2015 డిసెంబర్‌ల అది మూతపడ్డది, నువ్వప్పుడు చిన్నదానివి. ఫ్యాక్టరీ నడిసిన రోజుల్ల గూడ ఒకరిద్దరు ఇంటిమందం బెల్లం వండుకుంటుండ్రి. జైల్లున్నోనికి కొత్త బెల్లం ముద్ద పట్టుకపోవుడు మనోళ్ళకు రివాజు.

బెల్లంతోని ఏం పాపం అంటవా? లోపల బెల్లం నీళ్ళు, పండ్ల తొక్కలు, రొట్టె ముక్కలు ఒక డబ్బల నానేసి, నీళ్ళ ట్యాంకు ఎనక నాలుగు దినాలు దాసిపెడ్తె సార తయారు. గుడుంబ కేసుల్ల వచ్చినోళ్ళకు ఇది ఎవలన్న నేర్పాల్నా? దునియల ఏ దేశం జైలైనా గిదే కథనట, అమెరికాల నారింజపండ్లతోని జేస్తరని నీ తమ్ముడు ఫోన్ల సూపెట్టిండు. అందుకనే బెల్లం తినేమందమే పోనిచ్చేది, ముద్దలకు ముద్దలు గాదు.

ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చిండు. ధోతి, తలకు రుమాలు, చేతులకు చెరుకు కోసిన గాట్లు. ములాఖత్ కొడుకుతోని. సంచిల రెండు బెల్లం ముద్దలున్నయ్. ఒకటి మామూలుగనే ఉన్నది. రెండోదాని అడుగున రూపాయి బిళ్ళంత మచ్చ, చుట్టూ ఉన్నదానికన్న జర నల్లగ మెరుస్తున్నది. నేను పట్నపోన్నయితె దాటేసేటోన్ని. బెల్లం ఒక్కసారి ఆరినంక మళ్ళ తడిజేసి పూడిస్తె ఆ పొక్కిలి అట్ల మెరుస్తదని చెరుకు రైతు కొడుక్కు తెలుస్తది. ఏలుతోని ఒత్తిన, దిగింది. పలగ్గొట్టి సూస్తె మైకా కవర్ల చుట్టిన నోట్లు. లోపల పైసలుండొద్దన్నది జైలు రూలు, పైసలుంటె ఏదైన కొనొచ్చు.

జైలరు సారు లేసిండు, కేసు రాయాల్నన్నడు. నేను ఆ పెద్దమనిషి మొఖం సూసిన. ఆయిన సంచి దిక్కు గాదు, నా దిక్కు సూస్తున్నడు, ఏమైందో సమజ్ గాక. దాసినోడు ఎప్పుడైన సంచి దిక్కే సూస్తడు బిడ్డా, నీ చెయ్యి ఎక్కడికి పోతుందో కనిపెట్టుకుంట. నేను మెల్లగ అడిగిన, "కాకా, ఈ ముద్ద మీ ఇంటిదేనా?" అని. "ఒకటే మాది. రెండోది బస్టాండ్ల ఒక పిలగాడిచ్చిండు, మావోడు గూడ లోపల్నే ఉన్నడు, జర అందియ్యరాదు కాకా అన్నడు. మనూరి దిక్కోడే గదా అని తీసుకున్న" అన్నడు. సారు ఇన్నడు, ఆ ముద్ద ఒక్కటి జప్తు జేసి, బస్టాండు పిలగాని మీద పోలీసులకు కబురు పెట్టిండు. పెద్దమనిషిని ములాఖత్‌కు పంపిండు. ఆయిన లోపల జాలి కాడ నిలబడి కొడుకుతోని ఒక్క మాట మాట్లాడలే, ఏడ్సుకుంటనే ఉన్నడు.

గప్పటికాంచి నా తలాషీ మూటతోని మొదలైతుండె కాదు, ముచ్చటతోని మొదలైతుండె. ఏ ఊరు, ఇది ఎవలు వండిన్రు, ఇది ఎవలిచ్చిన్రు. చుట్టం గానోడు చుట్టమని చెప్పుకొని వస్తె గూడ నాలుగు మాటలల్లనే బైటపడ్తది. మేనమామనని చెప్పినోనికి కోడలి పేరు తెల్వదు!

చట్టం గూడ ఇనుకో, పరీక్ష కోసం సదివే ఉంటవ్. 1894ల ఇంగ్లీషోళ్ళు రాసిన జైళ్ళ చట్టం. అండ్ల 41వ సెక్షన్ జైలరుకు అనుమానమొస్తె వచ్చినోళ్ళను తలాషీ జెయ్యొచ్చంటది. గాని ఇంకో కైదీ ముందటగాని, ఇంకో ములాఖత్ మనిషి ముందటగాని జెయ్యొద్దని గూడ అదే సెక్షన్ల ఉన్నది. తలాషీకి ఒప్పుకోకుంటె బలిమి జెయ్యమనలే, లోపలికి పోనియ్యకు, ఎందుకు పోనియ్యలేదో రాసిపెట్టు అన్నది. నూటముప్పై ఏండ్ల కిందటి తెల్లోళ్ళకు ఆ మాత్రం మర్యాద తోచింది. మనోళ్ళల్ల కొందరికి ఇప్పటికీ తోచలే. వరుసల నిలబెట్టి అందరి ముంగట కొంగు దులిపించిన కాలం నేను సూసిన.

42వ సెక్షన్ శిక్ష చెప్తది. మనా జేసిన వస్తువు లోపలికి తెచ్చినా, బైటికి తీసుకపోయినా ఆర్నెల్ల దాక జైలు, లేకుంటె రెండు వందల జుర్మానా, లేకుంటె రెండూ. అప్పట్ల రెండు వందలంటె ఎద్దుల జతొస్తుండెనేమో, ఇయ్యాల మన కిరాణంల దానికి ఏమొస్తది? 44వ సెక్షన్ ఇంకో మంచి మాట చెప్పింది. ఏమేం తేవొద్దో, తెస్తె ఏం శిక్షో గేటు బైట ఇంగ్లీషుల, జనం భాషల బోర్డు పెట్టమన్నది. మా దగ్గర గూడ పెట్టిన్రు. వచ్చెటోళ్ళల్ల సదువొచ్చినోళ్ళెంతమంది? నేను చెట్టు కిందికి పోయి గట్టిగ సదివి ఇనిపిస్తుంటి. తెలుగుల ఒకసారి, ఉర్దూల ఒకసారి. సదివినంక ఒక పాత రేకు డబ్బ చెట్టు కింద పెట్టి, "తెల్వక తెచ్చినోళ్ళు ఇండ్ల పెట్టుండ్రి, పోయేటప్పుడు మీయి మీరు తీసుకపోండ్రి, ఎవలూ ఏమనరు" అని మొఖం అటు తిప్పుకుంటుంటి. డబ్బ నిండేది. బీడీలు, తంబాకు పొట్లాలు, చిన్న చాకు, ఒకసారైతె నాటుకోడి కూర డబ్బ. లోపల ఎతికి పట్టుకున్నదానికన్న చెట్టు కింద ఆగిపోయిందే ఎక్కువ. కొందరు సార్లకిది నచ్చలే, కేసుల లెక్క తగ్గుతదని.

నడుమ కల్లు ముచ్చట చెప్పాలె, నీకు అన్నిటికన్న ఎక్కువ పనికొచ్చేది గదే. మన దిక్కు కల్లంటె చెట్టు కల్లనుకునేవ్. దుకాణాలల్ల అమ్మేదాంట్ల చానమట్టుకు క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం కలిపినదే. ఏండ్ల సంది దినాం తాగినోడు జైలుకొచ్చి ఒక్కసారిగ బందైతె రెండో దినం చేతులు వణుకుతయ్, మూడో దినం లేనోళ్ళు కనవడ్తరు, గోడలతోని మాట్లాడ్తడు, ఫిట్సొస్తయ్. అది సూసి ఇంటోళ్ళు ఆగమై, ఎట్లనన్న మందు లోపలికి పంపాలనే సూస్తరు. ఒకామె కొంగు ముడిల గోలీలు నూరి పొడి జేసి తెచ్చింది. మా ఆడ వార్డరు పట్టుకున్నది. ఆమె దండం పెట్టుకుంట, "ఇది లేకుంటె సచ్చిపోతడు చెల్లె" అన్నది. అబద్ధం గాదు, నిజంగనే పాణం మీదికొస్తది. మా వార్డరు ఆమెను తిట్టలే, ఎంబటే డాక్టరుకు చెప్పింది. ఎంత తాగుతుండె, ఎన్నేండ్లసంది అని భార్యతోనే డాక్టరుకు చెప్పించింది. దవాఖానల పండబెట్టి మందు మెల్లమెల్లగ తగ్గించిన్రు, మనిషి లేసిండు. ఆ పొడి ఇంక ఎవలూ తేలే, అవసరం పడలే గనక. జైలుకొచ్చిన దినమే డాక్టరు సూసి, కల్లు అలవాటు రాసుకొని మందిస్తె, గేటు కాడ నీకు సగం పని తగ్గుతది. లోపలోనికి దేనిమీద పాణం కొట్టుకుంటుందో ఎరికైతెనే బైటికెళ్ళి ఏమొస్తదో తెలుస్తది.

ఇందూరు ఖిల్లా ముచ్చట చెప్పకుంటె మా ముసలి వార్డరు ఆత్మ శాంతించది. నిజామాబాద్ గుట్ట మీది కోట, రామాలయం సూసినవ్ గద, బతుకమ్మ పండుగ సెలవులకు పోయినం. రాష్ట్రకూటుల కాలందంటరు. నిజాం సర్కార్ల అదే జైలు. ఇప్పటి జైలు సారంగాపూర్ దిక్కు కట్టిన్రు, అది కొత్తది. ఆ ఖిల్లా జైల్ల 1948ల దాశరథి కృష్ణమాచార్యులు ఉన్నడు, ఇర్వై రెండు మూడేండ్ల పిలగాడు. ఆయినతోని వట్టికోట ఆళ్వారుస్వామి, పదేండ్లు పెద్దోడు. నిజాంకు ఎదురు తిరిగినందుకు పట్టుకొచ్చిన్రు. కాయితం ఇయ్యరు, కలం ఇయ్యరు. అప్పట్ల జైలోళ్ళకు అన్నిటికన్న భయం కాయితమే. పండ్లు తోముకోనీకి ఇచ్చే బొగ్గుతోని దాశరథి గోడ మీద పద్యాలు రాసిండు. జైలోళ్ళు సూసి తుడిపిస్తుండ్రి. తుడిసెలోపట్నే ఆళ్వారుస్వామి కంఠం పట్టేస్తుండెనట. ఇగ ఏం తలాషీ జేస్తవ్? అంగి ఇప్పిస్తవా, జేబులు తిప్పిస్తవా? 1949ల దాశరథి 'అగ్నిధార' పుస్తకమొచ్చింది, దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిండు. ఆళ్వారుస్వామి తర్వాత 'జైలు లోపల' అని కథలు రాసిండు, అది నీకు దొరికితె కొలువుల చేరకముందే సదువు. మా ముసలి వార్డరు చెప్పి నవ్వుతుండె, "ఇంత బొగ్గు మనమే ఇస్తిమి, మనా సామాను మన చేతులతోనే పంచినం" అని.

నవ్వినా అండ్ల నిజమున్నది. గేటు కాడ ముసలోళ్ళ రొట్టెలు తుంచి సూసుడు తప్పదు, గాని అసలు సరుకంత ఆ దారినే వస్తుందనుకుంటె ఎడ్డోళ్ళమే. వాయిదా పేషీకి కోర్టుకు పోయిన కైదీ సాయంత్రం తిరిగొస్తడు, కోర్టు వరండల చుట్టాలు కలుస్తరు, ఎస్కార్టోడు అటు తిరిగి చాయ తాగుతడు. వచ్చినోడు నోట్ల పెట్టుకొస్తడు, మింగొస్తడు, చెప్పరాని జాగల పెట్టుకొస్తడు. గోడవతలికెళ్ళి బంతులు పడ్తయ్, పిలగాండ్లు ఆడుకునే బంతే, కోసి సూస్తె గంజాయి. ఇగ మనోళ్ళు. నేను పనిజేసిన ఒక జాగల, పొద్దున ముసల్దాని కాడ రెండు కట్టలు పట్టుకొని పెద్ద కేసు లెక్క అరిసిన మనిషే రాత్రి డ్యూటీకొచ్చినప్పుడు బూట్లల్ల అంతకు పదింతలు తెస్తుండె. అందరికీ ఎరికనే. వార్డరుకు తలాషీ లేదు గనక దొరకలే. మేమంత నోరు మూసుకున్నం, ఆయినకు పైన మనుషులుండిరి. నువ్వు చేరినంక డ్యూటీ ఎక్కేటప్పుడు నీ సంచి నువ్వే ముందుగాల బల్ల మీద పెట్టు. పక్కోళ్ళకు కోపమొస్తది, రానియ్యి.

గిప్పటి కాలం నాకంత తెల్వదు. ఫోన్లొచ్చినంక బీడీల భయం పోయింది, ఎందుకంటె ఫోనుంటె లోపల కూసోనే బైట మనిషిని బెదిరించొచ్చు, సాక్షిని తిప్పొచ్చు. 2023ల ఢిల్లీ సర్కారు నమూనా చట్టమొకటి రాసి రాష్ట్రాలకు పంపింది, అండ్ల లోపల ఫోను దొరికితె మూడేండ్ల దాక శిక్ష అన్నరు. జామర్లు పెడ్తె పాత సిగ్నల్‌కు పనిజేసినయ్, ఫోర్ జీ వచ్చెసరికి చానచోట్ల ఉత్తగైనయ్. ఇంగ్లండుల ఉత్తరాల కాయితాన్నే మత్తుమందుల తడిపి ఆరబెట్టి పంపుతున్నరని, అందుకని ఉత్తరం జిరాక్సు తీసి కైదీకిస్తున్నరని నీ తమ్ముడే సదివి చెప్పిండు. మళ్ళ కాయితం కాడికే వచ్చిన్రు సూడు!

జాలి పోయి అద్దమొచ్చింది, అద్దానికి అటు ఇటు ఫోన్లు పెట్టిన్రు. కరోనాల 2020ల ములాఖత్ బందైనప్పుడు వీడియోల మాట్లాడిచ్చుడు మొదలువెట్టిన్రు. దాంతోని మూటల తిప్పలు తగ్గింది, ఒప్పుకుంట. గాని జాలిల్నుంచి ఏలు దూర్చి కొడుకు గదవ ముట్టుకునేటోళ్ళను సూసిన నాకు ఆ అద్దం నచ్చది. సరుకు ఆపాల్నంటె ఇంకేదన్న సూడుండ్రి, నన్నడిగితె నేనైతె అద్దం పెట్టను. సర్కారు నన్నడగది, అది వేరే ముచ్చట.

నీ పని ఆడోళ్ళ తలాషీ. పరద ఉన్న గదిలనే జెయ్యి. మన బోధన్ల, నిజామాబాద్ల బురఖా తొడిగినోళ్ళు మస్తు మంది వస్తరు, మొఖం సూసుడు గూడ ఆ గదిలనే. కొప్పు, కొంగు ముడి, చెప్పు అట్ట, సంటిపిల్ల లంగోటి, ఇయి నాలుగు మర్వకు. పిల్లను తల్లి చేతుల్నే ఉంచి సూడు, నువ్వు ఎత్తుకోకు. తిండి ముట్టేముందు అందరు సూస్తుండంగ చేతులు కడుక్కో. తొక్కుల పెట్టిన ఊస కడగకుంట మిఠాయిల పెట్టకు, రంజాన్ నెలల తెచ్చిన డబ్బ ముట్టేముందు అడుగు. మిషిన్లిస్తె వాడు, ఇనుము పట్టుకుంటయ్. కొంగుల పొడి మిషిన్‌కు దొరకది.

ఏపచెట్టు డబ్బ ముచ్చట ఒకటి మిగిలింది. ఒక ముసల్ది ప్రతి ములాఖత్‌కు వచ్చేది, బీడీలు చుట్టి బతికేది. వచ్చినప్పుడల్ల ఒక కట్ట తెచ్చి, నేను బోర్డు సదివినంక మారుమాట లేకుంట డబ్బల ఏసేది. పోయేటప్పుడు తీసుకపోయేది. మళ్ళెందుకు తెస్తవ్ అవ్వా అంటె, "ఏమో, ఒక దినం మీ సర్కారుకు దయ పుడ్తదేమో" అనేది. ఒకరోజు బైటికొచ్చి డబ్బల కట్ట తీసుకొని అరచేతుల ఎగరేసింది. లెక్కపెట్టలే, ఇప్పలే, ఉత్తగ ఎగరేసి, "కట్టకు ఇర్వై అయిదు. రెండు తక్కువున్నయ్" అన్నది. అటెన్క గేటు మీద తుపాకి పట్టుకొని నిలబడ్డ సెంట్రీ కాడికి సక్కగ పోయి, ముక్కు దగ్గర పెట్టి వాసన సూసి, జైలరు సారు దిక్కు తిరిగింది.

"సారూ, అందర్నీ తడుముతరు గదా. జర ఈయిన జేబులు గూడ సూడుండ్రి."